ఇరుసు ఎక్కడుంది

పోయిన వారం కథ ఆపిన చోట పూజిత తన ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న మనిషి అప్పుడే తన పేరు చెప్పుకున్నాడు. "సత్యప్రసాద్ అండి. జంగారెడ్డిగూడెం. మీరు చేసిన వీడియోలో బండి నడిపింది నేనేనండి."

ఇప్పుడే కథలోకి వస్తున్నవారి కోసం నాలుగు మాటలు. రాజమండ్రి కంబాలచెరువు దగ్గర ఒక మందుల కొట్టు పైన, ఒకే ఒక్క గదిలో, పూజితా ఆమెతో ఇంజినీరింగ్ చదివిన పృథ్వీ కలిసి ఫోన్లలో ఆడుకునే గేమ్స్ తయారు చేస్తారు. ఫిబ్రవరిలో భీమవరం పక్క చేపల చెరువుల మీద ఒక ప్రమాదం జరిగింది. మట్టి తవ్వి గట్టు వెడల్పు చేస్తున్న ప్రొక్లెయిన్ వెనకభాగానికీ మోటారు షెడ్డు గోడకీ మధ్య నలిగి రాముడు అనే కూలీ చనిపోయాడు. ఆపరేటరు చూసుకోకుండా బండిని వెనక్కి నడిపాడని చెరువుల యజమాని సత్యనారాయణరాజు గారి వైపువాళ్ళు అన్నారు. ఉన్నచోటనే బండిని తిప్పాను తప్ప వెనక్కి నడపలేదని ఆపరేటరు అన్నాడు. కొలతల ప్రకారం ఆ ప్రమాదాన్ని తెర మీద చూపించే పని రాజు గారి వకీలు పూజితావాళ్ళకి అప్పగించాడు. ఉన్నచోటనే తిరిగితే బండికీ గోడకీ మధ్య మూడున్నర అడుగుల ఖాళీ మిగులుతుందని వాళ్ళ వీడియో తేల్చింది. అంటే ఆపరేటరు అబద్ధమాడుతున్నట్టే. సోమవారం విచారణాధికారి ముందు దాన్ని వెయ్యబోతున్నారు. ఇవాళ శనివారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది.

పూజితకి మొదట తలుపు వేసెయ్యాలనిపించింది. కేసులో అవతలివైపు మనిషి. అతనితో మాట్లాడవచ్చో లేదో కూడా తెలియదు.

"నేను వచ్చినట్టు మా వకీలు గారికి తెలీదండి" అన్నాడు అతను. "గొడవకి రాలేదు. మీ వీడియో ఆయనకిస్తే నాకు పంపారు, ఫోన్లో చాలాసార్లు చూశా. పెద్ద స్క్రీన్ మీద ఒక్కసారి చూపిస్తే వెళ్ళిపోతా."

నలభై ఏళ్ళు ఉండొచ్చు. మోటారుసైకిల్ మీద అంత దూరం ఎండలో వచ్చినట్టున్నాడు, ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర తడిసి ముద్దయింది. చంకలో హెల్మెట్ ఉంది. పూజిత పక్కకి తప్పుకుంది. లోపలికి వచ్చాడు గాని కుర్చీ చూపించినా కూర్చోలేదు.

పూజిత వీడియో పెట్టింది. పెట్టి, నీళ్ళ సీసా మూత తీసింది. తాగకుండానే మళ్ళీ బిగించింది. ఈ వీడియో పంపించి మూడు వారాలైంది. తాడితోటలో బట్టల కొట్టు నడిపే వాళ్ళ నాన్న కుక్కుటేశ్వరరావు, అమ్మాయి చేసిన బొమ్మలు విచారణకి వెళ్తున్నాయని వచ్చిన ప్రతి బేరానికీ చెప్పుకుంటున్నాడు. ఆ మాట విన్న రోజున సంతోషపడింది. ఇప్పుడు ఈ మనిషి వెనకాల నిలబడి ఊపిరి తీస్తుంటే కుర్చీలో స్థిమితంగా కూర్చోలేకపోతోంది.

తెర మీద పసుపుపచ్చ ప్రొక్లెయిన్ మట్టి ఎత్తింది. ఆపరేటరు కూర్చునే పైబాడీ తిరిగింది. వెనకనున్న ఇనప దిమ్మ షెడ్డు గోడకి దూరంగా ఆగిపోయింది. గోడ పక్కన బూడిదరంగు మనిషి బొమ్మ, రాముడు, ఏమీ కానట్టు నిలబడి ఉన్నాడు.

"మొదటి పదిసార్లు ఇది అబద్ధం అనుకున్నానండి" అన్నాడు సత్యప్రసాద్. "తర్వాత్తర్వాత నేనే వెనక్కి నడిపానేమో అనిపించడం మొదలైంది. ఇరవై రెండేళ్ళుగా బండి మీదున్నా. కాళ్ళ కింద పెడలు నొక్కానో లేదో నాకే తెలీకుండా పోయింది. ఇంట్లో మా ఆవిడ దేవకుమారి అడుగుద్ది, నడిపావా లేదా అని. నోరు రావట్లేదు."

పూజిత వీడియోని మళ్ళీ మొదటికి జరిపింది.

"దీన్ని పైనుంచి చూపించగలరా మేడమ్? కింద చైన్లు కనపడేలాగ."

వీడియోలో అది కుదరదు. కెమెరా షెడ్డు వైపు నుంచి, కిందగా పెట్టారు. మట్టికుప్ప అడ్డం వచ్చి, బండికి చక్రాల బదులుండే చైన్లు కనపడవు. కాని అసలు ఫైలులో ఎటునుంచైనా చూడొచ్చు. పూజిత గేమ్ ఇంజిన్ తెరిచి కెమెరాని బండి నెత్తి మీదకి తెచ్చింది. మళ్ళీ తిప్పింది.

"ఆగండి. ఇప్పుడు చూడండి. బండి తిన్నగా ఉన్నప్పుడు పైబాడీ చైన్ల మీద సరిగ్గా ఉంది. పక్కకి తిరిగేసరికి చైన్ల వెనకంచుకి జారిపోయింది. ఏ బండీ అలా తిరగదండి. అలా తిరిగితే ఊడి కింద పడద్ది."

పూజిత ముందుకి వంగింది. అతను చెప్పాక గాని కనపడలేదు. చెప్పాక ఇంకేమీ కనపడలేదు.

సత్యప్రసాద్ బల్ల మీదున్న స్కేలు తీసుకుని, సరిగ్గా మధ్యలో వేలు అదిమిపెట్టి తిప్పాడు. "మీ బండి ఇలా తిరుగుతోంది." తర్వాత వేలు ఒక కొసకి దగ్గరగా జరిపి తిప్పాడు. స్కేలు రెండో కొస ఈసారి పెద్ద చుట్టు చుట్టి, బల్ల మీది పెన్నుల డబ్బాని తోసేసింది. "మా బండి ఇలా తిరుగుద్ది. బకెట్టు మట్టితో లేచినప్పుడు బండి ముందుకి బోర్లా పడకూడదని దిమ్మని బాగా వెనక పెడతారండి. చైన్ల మధ్య పెద్ద పళ్ళచక్రం ఉంటది. తిరిగేది దాని మీద. అది పైబాడీకి మధ్యలో ఉండదు, ముందుకుంటది."

పెన్నులు నేల మీద దొర్లిపోయాయి. ఎవరూ తియ్యలేదు.

గేములో ప్రతి వస్తువుకీ పివట్ అనే కంటికి కనపడని చుక్క ఒకటి ఉంటుంది. తిప్పమంటే వస్తువు ఆ చుక్క చుట్టూ తిరుగుతుంది. మామూలుగా అది వస్తువుకి నట్టనడుమ ఉంటుంది. తలుపు బొమ్మ చేసి అలాగే వదిలేస్తే, మధ్యలో మేకు కొట్టినట్టు గిర్రున తిరుగుతుంది. తలుపు తలుపులా తెరుచుకోవాలంటే చుక్కని బందు దగ్గరికి జరపాలి. ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొదటి వారంలోనే చెప్పే సంగతి ఇది. పూజిత కాలేజీలో జూనియర్లకి తానే చెప్పింది కూడా. ఈ బండి మోడల్ గీసి అమర్చింది పృథ్వీ. ఎంత తిరగాలో, ఎంత వేగంతో తిరగాలో రాసింది తాను. ఎక్కడినుంచి తిరుగుతోందో మాత్రం చూడలేదు.

"ఆ చక్రం ఎక్కడుంటుందో కొలత ఉందా మీ దగ్గర?" అడిగింది.

అతను చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. బండితో వచ్చే పుస్తకంలోని పేజీ జిరాక్స్. చక్రం మధ్య నుంచి దిమ్మ చివరి దాకా తొమ్మిదడుగుల పైచిలుకు. పూజిత తన ఫైలులో కొలిచింది. ఆరడుగుల పైచిలుకు వచ్చింది.

ఒక ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టింది. ఆకారం ఉండదు, తెర మీద కనపడదు, ఒక పేరూ ఒక చోటూ మాత్రం ఉంటాయి దానికి. దాన్ని చైన్ల మధ్య పళ్ళచక్రం ఉండాల్సిన చోట నిలిపి, పైబాడీని దానికి తగిలించింది. ఇప్పుడు దాన్ని తిప్పితే పైబాడీ దాని చుట్టూ తిరగాలి. అయిదు నిమిషాల పని. కొలత రెండుసార్లు సరిచూసుకోవడంతో పది నిమిషాలు పట్టింది.

బండి తిరిగింది. ఈసారి చైన్ల మీంచి జారలేదు. ఇనప దిమ్మ పెద్ద చుట్టు చుట్టుకుంటూ వచ్చి, బూడిదరంగు బొమ్మలోంచి దూసుకుపోయి, గోడకి అరడుగు దూరంలో ఆగింది. బొమ్మ కదలలేదు. దానికి కదలడం పూజిత నేర్పలేదు.

చైన్లు అంగుళం కూడా వెనక్కి జరగలేదు.

"అయితే నడపలేదన్నమాట" అన్నాడు సత్యప్రసాద్. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి గొంతుక్కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని దాని మీద నుదురు ఆనించాడు. కాసేపటికి భుజాలు అదరడం మొదలైంది. పూజిత ఏం చెయ్యాలో తోచక ఫ్యాను స్పీడు పెంచింది. కింద రోడ్డు మీద ఆటోలు ఆగకుండా హారన్లు కొడుతున్నాయి.

"బండి అంత ఇరుకులో ఎందుకు పెట్టారండీ?" అని అడిగింది.

"చినరాజు గారు పెట్టమన్నారండి. రాజు గారబ్బాయి, రవితేజ గారు. షెడ్డు పక్కన పెడితే మట్టి రెండు గట్ల మీదకీ ఒకే చోటునుంచి పొయ్యొచ్చన్నారు. చోటు చాలదండీ అన్నాను. నేను కొలిచాను, సరిపోతుంది అన్నారు. స్టేషన్లో చెప్పానండి. రాసుకోలేదు. బండి వెనక్కి రావడం చూశానని రాముడి పెళ్ళాం లోవమ్మ చెప్పిందిగా, అది రాసుకున్నారు." అతను మొహం తుడుచుకున్నాడు. "ఇంకో మాట ఉందండి. అది ఎవరికీ చెప్పలేదు. దేవకుమారిక్కూడా."

పూజిత కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"రాముడు అటువైపు ఎందుకొచ్చాడని అందరూ అడిగారు. తెలీదన్నా. నేనే పిలిచానండి. ఎండకి గొంతు ఎండిపోతే నీళ్ళ సీసా ఇయ్యరా అన్నా. ఇచ్చాడు. తాగాను. వెళ్ళిపోయాడనుకున్నా. సీసా కోసం అక్కడే నిలబడ్డాడు." అతను తెర వైపు చూడకుండా చెయ్యి చూపించాడు. "సోమవారం ఇది చూపిస్తే అది కూడా చెప్తానండి. ఒకటి చెప్పి ఒకటి దాచలేను."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పృథ్వీ భోజనం పార్సిళ్ళతో లోపలికి వచ్చాడు. కింద కూర్చున్న మనిషిని, చెల్లాచెదురుగా పడ్డ పెన్నులని, తెరని వరసగా చూశాడు. తెర దగ్గర చూపు ఆగిపోయింది.

"ఈయనెవరు పూజీ?"

"మన బండి ఆపరేటరు. పృథ్వీ, పైబాడీ పివట్ మధ్యలో ఎందుకుంది?"

"మోడల్ అలాగే వచ్చింది. నేను చూసుకోలేదు."

"ఎక్కడినుంచి వచ్చింది? అది నువ్వు గీసిన మోడల్. వారం రోజులు ఈ కుర్చీలోనే కూర్చుని గీశావు. ఒక్కో బోల్టు పెడుతుంటే నేను నవ్వాను కూడా."

పృథ్వీ పార్సిళ్ళు బల్ల మీద పెట్టాడు. కవరు ముడి విప్పబోయి మానేశాడు.

"ముందు సరిగ్గానే పెట్టాను" అన్నాడు.

పూజిత కుర్చీలోంచి లేచింది. లేచి ఎటు వెళ్ళాలో తెలియక కిటికీ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"చెప్పు."

"ఏప్రిల్ పన్నెండున మొదటి వీడియో రవితేజ గారికి వాట్సాప్ చేశాను. నువ్వు ఆ రోజు సామర్లకోటలో మీ పిన్ని వాళ్ళింట్లో ఉన్నావు. అందులో దిమ్మ గోడ దాకా వచ్చింది. మర్నాడు ఆయన ఫోన్ చేసి, కొలత ఎక్కడో తప్పింది, ఇంకోసారి చూడండి అన్నారు. చూశాను, సరిగ్గానే ఉందండీ అన్నాను. సాయంత్రం మళ్ళీ చేశారు. అప్పుడు తప్పు ఉందనలేదు. బండిని నడుమ నుంచి తిప్పితే ఎలా వస్తుంది అని అడిగారంతే. కెమెరా షెడ్డు వైపు పెట్టమన్నది కూడా ఆయనే."

"నువ్వు తిప్పావు."

"పరిహారం ఇన్సూరెన్సే కడుతుంది, ఎవరికీ ఏమీ అవ్వదు అన్నారు. ఆపరేటరు మీద రాసినా పేరుకే అన్నారు. వాళ్ళ చెరువుల మీద పనివాళ్ళకి పని నేర్పే గేమ్ మనకే ఇస్తామన్నారు. రెండేళ్ళ పని పూజీ. ఇంకో మూడు నెలలు ఇలాగే ఉంటే ఈ గది ఖాళీ చేసేవాళ్ళం. నువ్వు మీ నాన్న కొట్లో కూర్చునేదానివి, నేను హైదరాబాదు పోయేవాణ్ణి."

"పదకొండు రోజులు సబ్ జైల్లో ఉన్నానండి" అన్నాడు సత్యప్రసాద్ కింద నుంచి. కోపంగా అనలేదు. తెలియనివాళ్ళకి తెలియజెప్పినట్టు అన్నాడు. "లైసెన్సు పట్టుకెళ్ళిపోయారు. బండి ఎక్కనివ్వట్లేదు ఎవరూ."

పృథ్వీ అతని వైపు చూడలేకపోయాడు. "నాకు తెలీదండి. నిజంగా తెలీదు. ఆయన చెప్పలేదు."

"తెలుసుకుందామనుకున్నావా?" అంది పూజిత. ఆ మాట అంటూనే అది తనకి కూడా తగులుతుందని తెలిసింది. రవితేజ చెప్పలేదు, పృథ్వీ అడగలేదు, తాను చూడలేదు. వీడియో చివర వేసిన రెండు పేర్లలో మొదటిది తనది.

"మొదటి వీడియో ఎక్కడుంది?"

"తీసేశాను. వాట్సాప్‌లో నా వైపు కూడా తీసేశాను. ఉంటే గింటే ఆయన ఫోన్లో ఉండాలి."

"అయితే ఇవాళ కొత్తది చేసి ఇస్తాను. ఈయన వకీలుకీ వాళ్ళ వకీలుకీ ఇద్దరికీ."

"మూడు వారాల క్రితం ఒకటి, ఇప్పుడు ఒకటి. అవతలివైపు మనిషి మన ఆఫీసుకి వచ్చి వెళ్ళాక మార్చామంటారు. ఎవరు నమ్ముతారు?" అన్నాడు పృథ్వీ. "ఇద్దరం అబద్ధాలకోరులం అవుతాం. ఆయనకీ మేలు జరగదు."

అది నిజమే. ఏప్రిల్ పన్నెండు నాటిది, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకముందు చేసినది, అది ఒక్కటే సాక్ష్యం. అది దాచుకోవాల్సిన అవసరం ఉన్న మనిషి జేబులోనే ఉంది.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తకుండా వదిలేసింది. వెంటనే మళ్ళీ మోగింది.

"అమ్మా, పూజిత గారేనా? సత్యనారాయణరాజుని, భీమవరం నుంచి."

ఆమె ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. చూసింది ఒక్కసారి, చెరువు గట్టు మీద కొలతలు తీసిన రోజున, దూరం నుంచి. తెల్ల పంచె కట్టుకుని, ఎండలో గొడుగు లేకుండా నిలబడ్డాడు. పూజిత ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది.

"చెప్పండి రాజు గారూ."

"మా అబ్బాయి ఫోను ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. మోగుతుంటే ఎవరా అని తీశాను. మాట్లాడాక వాట్సాప్ తెరిచి చూస్తే మీ ఆఫీసు పంపిన వీడియో ఒకటి కనపడింది, ఏప్రిల్ పన్నెండో తారీఖుది. మా వకీలు నాకు చూపించింది ఇది కాదు. ఇందులో బండి గోడ దాకా వస్తోంది. అందులో రావడం లేదు." గొంతు సవరించుకున్నాడు. "నాకు ఈ బొమ్మల సంగతులు తెలియవు. రెండింట్లో ఏది నిజం?"

పృథ్వీ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సత్యప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"మీ చేతిలో ఉన్నదేనండి" అంది పూజిత.

అవతల ఎవరో ఆడమనిషి భోజనానికి పిలుస్తున్నట్టు వినిపించింది.

"బండి అక్కడ పెట్టమన్నది ఎవరో మీకు తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"పేరు చెప్పొద్దు. నాకూ తెలిసిపోయింది." ఆయన ఊపిరి పీల్చుకున్నది ఫోనులో వినబడింది. "రాముడు పద్దెనిమిదేళ్ళు మా దగ్గర పనిచేశాడు. కర్మకాండ రోజున మా వాడే అన్నీ దగ్గరుండి చూశాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. సరే. నేను ఇప్పుడే బయలుదేరుతున్నాను. ఈ ఫోను నాతో తెస్తున్నాను. మా వాడు గంటన్నర క్రితమే కారు తీసుకుని మీ ఊరే బయలుదేరాడట, డ్రైవరు చెప్పాడు. నేను వచ్చేదాకా ఎవరికీ ఏమీ ఇవ్వకండి. మా వాడికి కూడా."

ఆయన ఫోను పెట్టేశాడు.

"మనం తలుపు తాళం వేసుకుని వెళ్ళిపోదాం" అన్నాడు పృథ్వీ. "ఆయన వచ్చాక వద్దాం. ఈ మనిషి ఇక్కడ కనపడితే చాలా గొడవవుతుంది."

పూజిత సమాధానం చెప్పేలోపు సత్యప్రసాద్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద మందుల కొట్టు ముందు తెల్ల కారు ఒకటి ఆగింది. వెనకనున్న సిటీ బస్సు హారన్ కొడుతూనే ఉంది, కారు పక్కకి జరగలేదు.

"చినరాజు గారి కారండి" అన్నాడు.

పూజిత వెళ్ళి అతని పక్కన నిలబడింది. స్టీరింగ్ వైపు తలుపు తెరుచుకోలేదు. రవితేజ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. తెరుచుకున్నది ఎడమవైపు ముందు తలుపు. అందులోంచి ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి దిగింది. బొట్టు లేదు. వెలిసిపోయిన నీలం చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు. తలెత్తి ఆఫీసు బోర్డు చూసింది. బోర్డు పక్కన కిటికీని చూసింది.

సత్యప్రసాద్ కిటికీ నుంచి వెనక్కి తగ్గలేదు. "లోవమ్మ" అన్నాడు. "ఆ రోజు తర్వాత ఆవిడకి నా మొహం చూపించలేదండి."

బండి వెనక్కి రావడం కళ్ళారా చూశానని చెప్పిన మనిషి, ఆ మాట అవసరమైన మనిషి కారులోనే, ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు? పూజితకి అర్థం కాలేదు. కారు మాత్రం కదలలేదు. అందులోంచి ఇంకెవరూ దిగలేదు. లోవమ్మ ఒక్కతే కొంగు నడుముకి దోపుకుని మెట్ల వైపు నడిచింది.

"తలుపు తియ్యొద్దు" అన్నాడు పృథ్వీ నెమ్మదిగా.

సత్యప్రసాద్ హెల్మెట్ కుర్చీలో పెట్టి, చొక్కా సర్దుకుని, వెళ్ళి గడియ తీశాడు.